హెల్మెట్‌కి చిన్న దెబ్బ తగిలితే మార్చాలా? ఇంట్లో రెండున్నాయి, ఏది మార్చాలో తేలట్లేదు

నల్లపాడు_యూనికార్న్:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగం విజయవాడలో, రోజూ హైవే మీద బండే. పోయిన వారం మంగళగిరి దాటాక సర్వీస్ రోడ్డు మలుపులో, లారీలోంచి ఒలికిన ఇసుక మీద ముందు చక్రం జారి పడ్డాను. స్పీడేమీ లేదు, మహా అయితే ఇరవై. మోచెయ్యి గీరుకుంది, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, బండికి లెగ్ గార్డ్ కాస్త వంగింది, అంతే. పడ్డప్పుడు తల ఎడమ పక్క రోడ్డుకి తగలడం మాత్రం బాగా గుర్తుంది, టక్కుమని శబ్దం కూడా వినిపించింది. తలనొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఏమీ లేవు. ఇంటికొచ్చి హెల్మెట్ చూస్తే చెవికి పైన రూపాయి బిళ్లంత మేర గరుకుగా ఉంది, తడిగుడ్డ పెట్టి తుడిస్తే అందులో సగం పోయింది. ఎవరికైనా చూపిస్తే ఈ హెల్మెట్‌తో పడ్డానంటే నమ్మరు.

రెండోది మా ఆవిడది. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో స్కూటీ సీటు మీద పెట్టి బ్యాగు సర్దుకుంటుంటే దొర్లి సిమెంటు నేల మీద పడింది. గడ్డం దగ్గర రంగు పెచ్చు లేచిపోయింది, పక్కన ఇంత పొడుగు గీత, వైజర్ నిండా గీతలు. చూడ్డానికి ఘోరంగా ఉంది. "ఇది పెట్టుకుని బ్యాంకుకి ఎలా వెళ్లను" అంటోంది.

జూన్ నెల, పిల్లల ఫీజులు, పుస్తకాలు, కాబట్టి ఇప్పుడు ఒక్కటే కొనగలను. ఆవిడది మార్చేసి నాది అలాగే వాడుకుందామని నా లెక్క. మా బావమరిదేమో హెల్మెట్ ఒకసారి కింద పడిందంటే ఇక పారెయ్యాల్సిందే, రెండూ మార్చు బావా అంటున్నాడు. మా నాన్నగారు తల బాగానే ఉంది కదరా, ఇంకేం కావాలి అంటారు. రెండూ ఐఎస్ఐ మార్కువే. నాది 2021 చివర్లో కొన్నది, ఆవిడది రెండేళ్ల కిందట. తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట_పాతబుల్లెట్:
బ్రో, మీ నాన్నగారు చెప్పిందే కరెక్టు. గీతలు పడ్డ హెల్మెట్ వాడేవాళ్లు బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడితే వందల్లో కనిపిస్తారు. ఆవిడది అందంగా లేదంటే మార్చండి, అది వేరే సంగతి. నీది శుభ్రంగా వాడుకో. ప్రతి దెబ్బకీ మార్చండి అని కంపెనీలు రాస్తాయి, ఎందుకు రాయవు, అమ్ముకోవాలి కదా.

ఆటోనగర్_శీను:
తమ్ముడూ, నీ లెక్క పూర్తిగా తిరగబడింది. మార్చాల్సింది నీదే. మీ ఆవిడది చూసుకుని వాడుకోవచ్చు.

ఎందుకో చెప్తాను, కాస్త పెద్దదే. హెల్మెట్‌లో పైన కనపడే డొప్ప ఒకటి, లోపల మెత్తటి గుడ్డ దిండ్లు ఒకటి, ఈ రెంటికీ మధ్యలో ఒక మందపాటి థర్మాకోల్ పొర ఉంటుంది. తలని కాపాడేది ముఖ్యంగా ఆ థర్మాకోలే. కొత్త టీవీ పెట్టెలో వచ్చేదానికి చుట్టమే, కాకపోతే ఇది ఇంకా గట్టిగా, చిక్కగా ఉంటుంది. తల రోడ్డుకి కొట్టుకున్నప్పుడు బయట డొప్ప రోడ్డు దగ్గర ఆగిపోతుంది, కానీ లోపల తల ఇంకా ముందుకే వెళ్తుంటుంది, అప్పుడు ఆ రెంటి మధ్యా నలిగేది థర్మాకోల్. అలా నలగడం వల్లే తల ఒక్కసారిగా కాకుండా కాస్త నిదానంగా ఆగుతుంది, దెబ్బ తగ్గుతుంది. నలిగిన చోట అందులో గాలి గదులు చితికిపోతాయి. చితికింది మళ్లీ మామూలుగా అవ్వదు. కొంచెం పైకి లేచి పాత ఆకారంలోకి వచ్చినట్టు కనిపించవచ్చు, కానీ రెండోసారి అదే చోట దెబ్బ తగిలితే ముందులా ఆపలేదు. ఒక్కసారి వాడకానికే చేసిన వస్తువది.

ఇప్పుడు రెంటినీ పోల్చి చూడు. మీ ఆవిడ హెల్మెట్ పడినప్పుడు లోపల తల లేదు. థర్మాకోల్‌ని లోపలి నుంచి నొక్కడానికి ఏమీ లేదు కాబట్టి డొప్ప నేలకి తగిలి ఎగిరి ఉంటుంది, రంగు పోయి ఉంటుంది. నీది పడినప్పుడు లోపల నీ తల ఉంది. గీత ఎంత పెద్దది అని కాదు, తగిలినప్పుడు అందులో తల ఉందా లేదా అనేది చూడాలి. మీ బావమరిది మాట కూడా సగమే నిజం. హెల్మెట్లకి సర్టిఫికెట్ ఇచ్చే స్నెల్ అని అమెరికా సంస్థ ఒకటుంది, 1957 నుంచీ ఉంది, వాళ్లు కూడా ఖాళీ హెల్మెట్ చేతిలోంచి జారి పడితే పారెయ్యమని చెప్పరు. మాటిమాటికీ నేలకేసి కొడుతుంటే పాడవుతుంది గానీ, అసలు నష్టం తల లోపల ఉండగా తగిలినప్పుడే అంటారు. అమ్ముకోవడానికే అయితే ఆ మాట చెప్పరు కదా పాతబుల్లెట్ అన్నా.

పటమట_పాతబుల్లెట్:
సరే శీనూ, థర్మాకోల్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఇరవై స్పీడులో పడ్డ మనిషికి తల అంత గట్టిగా ఏం తగులుతుంది? ఇతనే అంటున్నాడుగా తలనొప్పి కూడా లేదని. వంద మీద వెళ్తూ డివైడర్‌ని కొట్టినవాడికీ ఇతనికీ ఒకటే రూలా?

బందరు_లెక్కలమాస్టారు:
ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు కాబట్టి కొంచెం లెక్క వేస్తాను, విసుక్కోకండి.

తల రోడ్డుకి ఎంత గట్టిగా తగిలిందనేది బండి స్పీడు కన్నా తల ఎంత ఎత్తు నుంచి పడింది అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది, మధ్యలో కారో స్తంభమో గోడో అడ్డం రాకపోతే. బండి మీద కూర్చున్న మనిషి తల సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. ఏ అడ్డూ లేకుండా అక్కడి నుంచి పడితే నేలని చేరేసరికి సెకనుకి 5.4 మీటర్ల వేగం, అంటే గంటకి 19, 20 కిలోమీటర్లు. ఆగి ఉన్న బండి పక్కకి ఒరిగినా ఇదే లెక్క. భుజమో చెయ్యో ముందు తగిలితే తగ్గుతుంది, అది మన అదృష్టం. ముందుకు వెళ్లే వేగం వల్ల ఎక్కువగా జరిగేది రోడ్డు మీద జారడం, గీరుకోవడం.

హెల్మెట్లకి యూరప్ వాళ్లు పెట్టిన ఈసీఈ 22.05 అనే పరీక్షలో (ఇప్పుడు దాని స్థానంలో 22.06 వచ్చింది) తల ఆకారంలో ఉన్న దిమ్మకి హెల్మెట్ తొడిగి సెకనుకి 7.5 మీటర్ల వేగంతో కింద బిగించిన గట్టి దిమ్మె మీద పడేసేవాళ్లు. గంటకి 27 కిలోమీటర్లు, అంతే. వందలూ నూట ఇరవైలూ కాదు. మధ్య సైజు తల దిమ్మ 4.7 కిలోలు, దానికి 130 జౌల్స్ పైచిలుకు శక్తి వస్తుంది (జౌల్ అంటే శక్తిని కొలిచే యూనిట్). ఇతని తల మీటరున్నర నుంచి నేరుగా పడిందనుకుంటే ఇంచుమించు 70 జౌల్స్. పరీక్షలో సగం అన్నమాట. మరి ఆవిడ హెల్మెట్? కిలో రెండొందల గ్రాములు, సీటు ఎత్తు ముప్పావు మీటరు, 9 జౌల్స్. అదీ లోపల తల లేకుండా.

ఇంక తలనొప్పి లేదు కాబట్టి హెల్మెట్ బాగుంది అనే వాదన. తలనొప్పి లేదంటే హెల్మెట్ తన పని చేసిందని కదా అర్థం? ఆ పని చెయ్యడంలోనే అది ఖర్చయింది.

నల్లపాడు_యూనికార్న్:
మాస్టారూ, శీను అన్నా, థ్యాంక్స్. ఇది చదివాక ఇప్పుడే చెంప దగ్గర దిండ్లు రెండూ ఊడదీసి టార్చి వేసి చూశాను. థర్మాకోల్‌లో పగులైతే ఎక్కడా కనపడలేదు. వేలితో నొక్కితే ఎడమ పక్క కుడి పక్క ఒకేలా ఉన్నట్టే అనిపిస్తోంది, మరీ పట్టి పట్టి చూస్తే ఎడమ పక్క కొంచెం నునుపుగా మెరుస్తున్నట్టుంది, అది నా అనుమానమో ఏమో. ఇలా చూసి బాగుందని నిర్ధారించుకోవచ్చా? ఎక్కడైనా టెస్ట్ చేసిపెడతారా?

ఆటోనగర్_శీను:
పాడైందని తెలుసుకోవచ్చు, బాగుందని మాత్రం తెలుసుకోలేం. పగులో సొట్టో కనిపిస్తే వెంటనే పక్కన పెట్టేస్తాం, అనుమానం అక్కర్లేదు. కనిపించకపోతే ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే థర్మాకోల్ మీద పైపొర మామూలుగానే ఉండి లోపల చితికి ఉండొచ్చు, పైగా డొప్పకి ఆనుకుని ఉన్న వైపు నీకు కనపడనే కనపడదు. నిజంగా టెస్ట్ చెయ్యాలంటే పైన మాస్టారు చెప్పినట్టు పడెయ్యాలి, అలా పడేస్తే ఆ హెల్మెట్ ఇక పనికిరాదు. మామూలు కొట్టులో ఎవరైనా వేళ్లతో టకటకా కొట్టి "బాగుంది సార్" అంటే నమ్మకు. ఫైబర్ డొప్ప అయితే పొరలు విడిపోయిన చోట శబ్దం మొద్దుగా వస్తుంది, ఆ వరకు నిజమే, కానీ మన దగ్గర ఎక్కువమంది వాడేది ఏబీఎస్ ప్లాస్టిక్ లేదా పాలీకార్బొనేట్ డొప్పలు, వాటిల్లో అలా తెలీదు. వాటికైతే తెల్లగా పాలిపోయిన గీతలు వచ్చాయేమో చూడాలి, ప్లాస్టిక్ స్కేలు వంచితే తెల్లబడుతుంది చూశావా, అదే.

లక్ష్మీపురం_జూపిటర్:
అన్నయ్యగారూ, అందరూ మీ హెల్మెట్ గురించే మాట్లాడుతున్నారు, వదినగారిది బాగుందని తేల్చేసి వదిలేశారు. బాగుండొచ్చు, కానీ చూడకుండా ఎలా తెలుస్తుంది? దిండ్లు ఊడదీసి దాన్ని కూడా చూడండి. ముఖ్యంగా గడ్డం దగ్గర పెచ్చు లేచిందన్నారు కదా, అక్కడ రంగు మాత్రమే పోయిందా, కింద డొప్ప కూడా పగిలిందా? గోరుతో గీకితే తెలుస్తుంది. రెండు చేతులతో కింద అంచులు పట్టుకుని కొంచెం విప్పదీస్తే కరకరమని శబ్దం వచ్చినా, పగులు నోరు తెరిచినా ఇక దాని పని అయిపోయినట్టే. స్ట్రాపు కుట్లు, బకిల్ కూడా చూడండి. బకిల్ టక్కుమని పడిన తర్వాత గట్టిగా లాగితే ఊడకూడదు. మా ఆఫీసులో ఒకావిడ బకిల్ పెట్టుకోకుండానే నెలల తరబడి తిరిగింది, అడిగితే పట్టట్లేదండి అంది, అలాంటప్పుడు డొప్పా థర్మాకోలూ ఎంత మంచివైతే ఏంటి, పడగానే ముందు హెల్మెట్టే ఎగిరిపోతుంది.

ఇంకో మాట. వైజర్ అంతా గీతలంటున్నారు. పగలు పర్వాలేదు గానీ రాత్రిపూట వారధి మీద ఎదురుగా వచ్చే లైట్లకి ఆ గీతలన్నీ వెలిగి ఏమీ కనపడదు. అది మాత్రం తప్పకుండా మార్పించండి. హెల్మెట్ మొత్తం కొనక్కర్లేదు, ఆ మోడల్‌కి వైజర్ విడిగా దొరుకుతుంది, కొన్ని వందల్లో పని.

పెచ్చు లేచిన చోట ఫెవిక్విక్ పెట్టడం, స్ప్రే పెయింటు కొట్టించడం లాంటివి చెయ్యనివ్వకండి. రంగుల్లో ఉండే థిన్నర్ ప్లాస్టిక్‌ని లోలోపల పెళుసు చేస్తుంది, థర్మాకోల్‌కి తగిలితే కరిగించేస్తుంది. పెట్రోలు కూడా అంతే. ఆవిడకి చూడ్డానికి బాగోలేదనే కదా సమస్య, ఆ చోట మామూలు స్టిక్కర్ ఒకటి అంటిస్తే సరిపోతుంది.

మొగల్రాజపురం_నర్సు:
హెల్మెట్ సంగతి వాళ్లు చూసుకుంటారు. మీరు తల తగిలిందన్నారు కాబట్టి చెప్తున్నా, వారం గడిచింది కదా అని పూర్తిగా మర్చిపోవద్దు. తలనొప్పి మొదలై పెరుగుతున్నా, వాంతులైనా, మత్తుగా ఉన్నా, మాట తడబడుతున్నా వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి, ఫలానా రోజు పడ్డానని కూడా చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఇప్పుడే ఒకసారి వెళ్లి రండి.

నల్లపాడు_యూనికార్న్:
అలాంటి మందులేమీ లేవండి, గుర్తుపెట్టుకుంటాను. జూపిటర్ గారూ, మీరు చెప్పినట్టు ఆవిడది చూశాం. రంగే పోయింది, డొప్ప కింద నున్నగానే ఉంది, అంచులు లాగితే శబ్దం లేదు, బకిల్ బాగుంది. దానికి వైజర్, నాకు కొత్త హెల్మెట్ అనుకుంటున్నాం. ఆవిడకి కాస్త కోపం వచ్చింది, పగిలినట్టు కనిపిస్తున్నది నాది, కొత్తది నీకా అని. మాస్టారి లెక్క చదివి వినిపించా, నీకు కావాల్సిన లెక్కలు భలే దొరుకుతాయి అంది.

గవర్నర్‌పేట_హెల్మెట్స్:
నేను హెల్మెట్లు అమ్మేవాణ్ణి, అది ముందే చెప్తున్నా, నా మాటల్లో నా స్వార్థం ఎంతో మీరే లెక్క వేసుకోండి. ఏ మోడల్ కొనమని నేను చెప్పను.

2021 జూన్ 1 నుంచి టూవీలర్ హెల్మెట్ ఐఎస్ఐ మార్కు లేకుండా తయారు చెయ్యడం, అమ్మడం చట్టప్రకారం కుదరదు. స్టాండర్డు పేరు ఐఎస్ 4151. అయినా రోడ్డు పక్క గుట్టలు పోసి అమ్మేవాటి మీద కూడా ఐఎస్ఐ అని స్టిక్కర్ ఉంటుంది, స్టిక్కర్ ప్రింట్ చెయ్యడం ఎంతసేపు. అసలైన మార్కు దగ్గర సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబరు ఉంటుంది, ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే సంస్థ వాళ్లదే) వేసుకుని ఆ నంబరు కొడితే లైసెన్స్ ఏ కంపెనీదో చూపిస్తుంది. హెల్మెట్ మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు వస్తే కొట్టు దిగి వచ్చెయ్యండి. చలానా తప్పించుకోవడానికి మాత్రమే కొనేవాళ్లకి ఇదంతా అక్కర్లేదనిపిస్తుంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194డి కింద వెయ్యి రూపాయల ఫైను, మూడు నెలలు లైసెన్స్ సస్పెన్షన్ దాకా వెళ్లొచ్చు, ఆ భయంతోనే సగం మంది వస్తారు మా దగ్గరికి. వెనక కూర్చునేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

లోపల దిండు కిందో థర్మాకోల్ మీదో తయారైన నెల, సంవత్సరం ఉంటుంది, అది చూడండి. కొన్న తేదీ వేరు, తయారైన తేదీ వేరు. మీది 2021 చివర్లో కొన్నానన్నారు, అంటే అంతకన్నా ముందే తయారైంది. దెబ్బ తగలకపోయినా ఐదేళ్లకి మార్చమని స్నెల్ లాంటివాళ్లు చెప్తారు, ఎందుకంటే చెమట, తలనూనె, వాడకం, వీటివల్ల జిగురు, దిండ్లు, స్ట్రాపు క్రమంగా చచ్చుబడతాయి. ఎలాగూ ఆ దగ్గరికి వచ్చేసిన హెల్మెట్ మీది, ఇక దాని కోసం అంత ఆలోచన అనవసరం.

సైజు మాత్రం మొహమాటపడకండి. కనుబొమల పైనుంచి తల చుట్టూ టేపు పెట్టి కొలవండి, ఆ సెంటీమీటర్ల లెక్కలో తీసుకోండి. కొత్తలో చెంపలు బిగుతుగా నొక్కాలి. తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతో పాటే తిరగాలి, లోపల తల ఒక్కటే తిరుగుతోందంటే పెద్దది. మన ఎండలకి గాలి ఆడాలని అందరూ ఒక సైజు పెద్దది అడుగుతారు, నేను ఇవ్వనంటే పక్క కొట్టుకెళ్లి కొనుక్కుంటారు. ఐఎస్ఐ ఉన్న ఫుల్ ఫేస్ 1,200 నుంచి 2,000 లోపే వస్తుంది, దానికి పైన పెట్టే డబ్బు చాలావరకు బరువు తగ్గడానికి, గాలి రావడానికి, బొమ్మలకి.

పటమట_పాతబుల్లెట్:
ఎండ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మే నెలలో బండి ట్యాంకు మీద హెల్మెట్ పెట్టి పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఎండలో వదిలేస్తాం, నలభై ఐదు డిగ్రీలు, థర్మాకోల్ కరిగిపోదా మరి? అలా అయితే విజయవాడలో ఒక్క హెల్మెట్టూ పనికిరాదు.

బందరు_లెక్కలమాస్టారు:
కరగదు. థర్మాకోల్ అంటే పాలీస్టైరీన్, అది మెత్తబడేది సుమారు వంద డిగ్రీల దగ్గర. ఎండలో నల్ల హెల్మెట్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా అంత దూరం పోదు. రంగు, జిగురు, దిండ్ల స్పాంజి మాత్రం ముందే ముసలివైపోతాయి, నీడలో పెట్టుకోవడం మంచిది. సైలెన్సర్‌కి ఆనించి పెడితే మాత్రం వేరే కథ. అన్నట్టు అద్దం కొమ్మకి హెల్మెట్ తగిలించే అలవాటు కూడా మానుకోండి, ఆ కొమ్మ కొస లోపల థర్మాకోల్‌ని గుంట పెడుతుంది.

నల్లపాడు_యూనికార్న్:
చివరి డౌటు. పాతది ఏం చెయ్యాలి? కింద వాచ్‌మన్ అడుగుతున్నాడు, వాళ్లబ్బాయికి ఇస్తాను సార్, చూడ్డానికి కొత్తదానిలా ఉంది అని.

ఆటోనగర్_శీను:
ఇవ్వకు. నీకు పనికిరానిది వాళ్లబ్బాయి తలకి ఎలా పనికొస్తుంది? స్ట్రాపు కత్తిరించి, డొప్ప మీద మార్కర్‌తో పెద్ద ఇంటూ కొట్టి చెత్తలో వెయ్యి. స్ట్రాపు ఉంటే ఎవరో ఒకరు ఏరుకుని పెట్టుకుంటారు.

పటమట_పాతబుల్లెట్:
పోనీ ఆ వాచ్‌మన్ అబ్బాయి ఇప్పుడు అసలు హెల్మెట్టే లేకుండా తిరుగుతున్నాడేమో శీనూ. ఏమీ లేనిదానికన్నా ఒకసారి తగిలింది నయం కాదా?

ఆటోనగర్_శీను:
ఆ క్షణానికి నయమే అన్నా, కాదనను. కానీ ఒకటి చేతికొచ్చాక ఇక కొత్తది కొనడు కదా.

నల్లపాడు_యూనికార్న్:
వాచ్‌మన్‌కి విషయం చెప్పాను, ఒకటో తారీఖు తర్వాత వాళ్లబ్బాయికి నేనూ కొంత వేసి కొనిద్దామనుకుంటున్నా. శనివారం విజయవాడలోనే ఉంటాను, నా హెల్మెట్, ఆవిడ వైజర్ రెండూ అప్పుడే తీసుకుంటాను. గవర్నర్‌పేటలో బండి ఎక్కడ పెట్టాలో ఎవరైనా చెప్పండి.

గవర్నర్‌పేట_హెల్మెట్స్:
పొద్దున కొట్లు తెరవగానే రండి, పదకొండు దాటితే ఏలూరు రోడ్డు వైపు చోటు దొరకదు. ఆవిడ హెల్మెట్ కూడా వెంట తెచ్చుకోండి, వైజర్ క్లిప్పులు మోడల్‌ని బట్టి మారతాయి, ఫోటో చూసి ఇస్తే ఒక్కోసారి పట్టవు.